అన్నం వద్దన్న ఇంట్లో జమ్ములమ్మ

జమ్ములమ్మ ఆ రోజు నా కొట్టుకు వచ్చి, కొంగుచాటు నుంచి కొబ్బరినూనె సీసా తీసి నా ముందు టక్కున పెట్టింది.

"లలితమ్మా, గిది తలకు పెట్టుకునేదా, కడుపులకు తాగేదా? జర నిజం చెప్పు."

"తలకు పెట్టుకునేదే. ఎందుకక్కా?"

"మా కోడలు బిడ్డకు తాపుతుంది."

నేను నవ్వాను. అయిజలో పుట్టి పెరిగినవాళ్లెవరైనా నవ్వుతారు. ఇక్కడ కూరకు పల్లినూనె, తలకు కొబ్బరినూనె. ఒకదాని చోట ఇంకొకటి వాడినవాళ్లను నేనింతవరకు చూడలేదు. కానీ జమ్ములమ్మ నవ్వలేదు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. సీసా తిప్పి చూస్తే వంటకు వాడే కొబ్బరినూనె అని రాసి ఉంది, హైదరాబాద్‌లో కొన్నది. ఆ మాటే చెప్పాను. "రాసేటోనికేంది, ఏమన్న రాస్తడు," అని సీసా మళ్లీ కొంగులో దాచుకుని వెళ్లిపోయింది.

మా వీధి ఊరి కొసన, గట్టు అనే ఊరికి పోయే రోడ్డు వైపు ఉంటుంది. ఎవరింట్లో ఏం వండుతున్నారో పక్కింటివాళ్లకంటే ముందు కిరాణా కొట్టు నడిపే నాకే తెలుస్తుంది. నాకు నోటి దురుసు ఎక్కువని వీధిలో అంటారు. ఉంటే ఉంది. జమ్ములమ్మ గురించి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఆమెను తిట్టడానికి, మెచ్చుకోవడానికి నాకున్నంత హక్కు ఇక్కడ ఇంకెవరికీ లేదు.

పుట్టినప్పుడు తల్లిదండ్రులు గద్వాల జమ్ములమ్మ దేవతకు మొక్కి ఆ పేరు పెట్టారు. పెళ్లయ్యాక భర్త యోసేపు వెంట చర్చికి పోవడం మొదలుపెట్టింది. పాస్టరు పేరు మార్చుకోమంటే, "గుర్తు పట్టే దేవుడైతే ఏ పేరున్నా పడతడు గద అయ్యగారూ," అందట. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ మేస్త్రీ వెంట కాలువలు తవ్వడానికి ఎక్కడెక్కడికో పోయారు. రాయచూరు అవతల ఒక పనిచోట వానలకు పని ఆగిపోయి, మేస్త్రీ పత్తా లేకుండా పోయిన రోజుల్లో ఆమె చంటిపిల్లాడు చనిపోయాడు. ఆమెకు తిండి లేదు కాబట్టి వాడికి పాలు లేవు. ఈ సంగతి ఏడుస్తూ చెప్పగా నేను వినలేదు. "బువ్వ లేక పోయిండు" అని ఒక్క ముక్కలో చెప్పి పనిలో పడిపోయేది. అప్పటినుంచి ఆమె గడప ఎవరు తొక్కినా మొదటి మాట "బువ్వ తిన్నవా?" కొట్లాటకు వచ్చినవాళ్లకు కూడా ముందు కంచం పెట్టి, వాళ్లు చెయ్యి కడుక్కున్నాక కొట్లాడేది.

అలాంటి మనిషి ఇంట్లో పిల్లకు అన్నం బందయింది.

పిల్ల పేరు మనీషా. జమ్ములమ్మ రెండో కొడుకు శేఖర్ పుణెలో బిల్డింగుల పనికి పోతాడు. అతనికి, కోడలు హెప్సిబాకు ఒక్కతే బిడ్డ. చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. తర్వాత జ్వరం లేకుండానే రావడం మొదలైంది. నడుస్తూ నడుస్తూ నరికిన చెట్టులా పడిపోయేది. కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి, ముందు పళ్లు విరిగాయి. వీధిలో పిల్ల పడిపోతే చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టేవాళ్లు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ పెట్టేవాళ్లు, నోట్లో చెంచా దూర్చబోయేవాళ్లు. హెప్సిబా వాళ్లందరినీ తోసేసి పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టేది. కర్నూలు దవాఖాన అయింది, హైదరాబాద్ దవాఖాన అయింది. మూడు రకాల మందులు వేసినా ఫిట్స్ తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొచ్చేవి. పైగా మందుల మత్తుకు పిల్ల కూర్చున్నచోటే తూలేది. బడిలో చేర్చారు గానీ, పడితే మాది పూచీ కాదని సార్లు నెమ్మదిగా ఇంటికి పంపించేశారు.

అప్పుడు హైదరాబాద్ డాక్టరమ్మ ఈ తిండి సంగతి చెప్పింది. పిల్లను కొన్నాళ్లు అక్కడే ఉంచుకుని, రక్తపరీక్షలు చేసి, హెప్సిబాకు అన్నీ నేర్పించి పంపారు. ఆమె నా కొట్టులో నిలబడి చెప్పింది.

"బువ్వ, రొట్టె, చక్కెర, బెల్లం, పండ్లు అన్ని బందు లలితక్కా. నూనె, నెయ్యి, వెన్న, గుడ్లు, మీగడ, జరంత ఆకుకూర, గివే. అన్ని తూకమేసి పెట్టాలె. మన ఒంట్ల చక్కెర మండుతదంట. అది దొరక్కపోతే కొవ్వు మండుతదంట. గట్ల కొవ్వు మీద నడిస్తె కొందరు పిల్లలకు ఫిట్స్ తగ్గుతయంట."

"కొందరికేనా?"

"కొందరికే. మూడు నెలలు చూద్దామన్నరు. మందులు మాత్రం ఒక్క పూట గూడ ఆపొద్దన్నరు. నడుమల చక్కెర జరంత ఎక్కువ పోయినా మళ్ల మొదటికొస్తదంట. అప్పుడు తగ్గుడు పక్కకు పోయి ఎక్కువ గూడ కావొచ్చంట." ఆమె గొంతు తగ్గింది. "అక్కా, ఇది గూడ పని చేయకుంటె ఇంక నాకు వేరే దారి తెల్వదు."

ఆమెది ఇంటర్ చదువు. మాట నెమ్మది, పట్టు మాత్రం ఉడుం పట్టు. బంగారం తూచినట్టు చిన్న కాటా పెట్టుకుని వెన్న తూచేది. పిల్ల ఒంటేలు పోస్తే అందులో సన్నటి పట్టీ ముంచి రంగు చూసేది. నేరేడు పండు రంగుకు తిరిగితే ఒళ్లు కొవ్వు మీద నడుస్తున్నట్టు. పాలిపోయి ఉంటే ఎక్కడో చక్కెర పోయినట్టు.

జమ్ములమ్మకు ఇదంతా పిచ్చిలా కనిపించింది. బోరింగు కాడ, చర్చి మెట్ల మీద, నా కొట్టు అరుగు మీద ఒకటే మాట. "బిడ్డ నోటికాడి బువ్వ గుంజుకుంది. బక్కపల్చటి పోరికి నూనె తాపి చంపుతుంది. సదువుకున్న కోడలు తెచ్చుకున్నందుకు నాకు గిదీ శాస్తి." వీధి నమ్మింది. ఎందుకు నమ్మదు? అన్నం పెట్టే చెయ్యి అని జమ్ములమ్మకు పేరు. ఆమె నోటివెంట వచ్చిన మాటకు ఇక్కడ విలువ ఉంది. హెప్సిబా బోరింగు దగ్గరికి వస్తే ఆడవాళ్లు మాట ఆపేసేవాళ్లు. ఒకామె మొహం మీదే అడిగింది, సొంత బిడ్డేనా అని. హెప్సిబా బిందె నింపుకుని వచ్చేసింది. ఆమె స్థానంలో నేనుంటే ఆ బిందె అడిగినదాని నెత్తి మీద కుమ్మరించేదాన్ని.

న్యాయంగా ఒక మాట మాత్రం చెప్పాలి. జమ్ములమ్మ ఎంత తిట్టినా దొంగచాటుగా పిల్లకు ఒక్క మెతుకు పెట్టలేదు. మొదటి వారంలో ఒకసారి ఆమె తింటుంటే పిల్ల వచ్చి పక్కన కూర్చుని, "అవ్వా, ఒక్క ముద్ద," అని అడిగిందట. ఆమె కంచం తీసుకెళ్లి కోళ్లకు పోసేసింది. మర్నాటినుంచి తన అన్నం గిన్నెలో మూత పెట్టుకుని మా కొట్టు వెనక మెట్టు మీదికి వచ్చి, గోడ వైపు తిరిగి గబగబా తినేది, ఎవరో వచ్చి లాక్కుంటారన్నట్టు. నేను నీళ్ల చెంబు పెట్టి లోపలికి వచ్చేసేదాన్ని. అలా తింటుంటే చూడలేకపోయేదాన్ని.

జూలై వచ్చింది. గట్టు వైపు సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ మొదలైంది. ఈ పని తెలియనివాళ్లకు ఒక్క మాట. మధ్యాహ్నం నుంచి మొగ్గలు ఒలిచి లోపలి పుప్పొడి తీసేస్తారు. మర్నాడు పొద్దున వేరే చెట్టు పువ్వు తెచ్చి ఆ మొగ్గలకు రాస్తారు. అలా రాస్తేనే విత్తనం. నిన్న ఒలిచిన మొగ్గకు ఇవాళ పుప్పొడి తగలకపోతే అది రాలిపోతుంది. అందుకే ఈ పనిలో నాగా ఉండదు. మనిషి ఒక పూట రాకపోతే రైతు ఆ సాళ్లు ఇంకొకరికి అప్పగిస్తాడు, ఇక ఆ సీజన్ పోయినట్టే. శేఖర్ పంపేది మందులకే సరిపోతుంది. హెప్సిబా పోక తప్పలేదు. పిల్లను అత్త చేతిలో పెట్టి, తూచి కట్టిన డబ్బాలు చూపించి, పొద్దున్నే గోపి ఆటో ఎక్కేది.

"వాంతులైనా, పండుకొని లేవకున్నా నాకు ఫోన్ చెయ్యత్తా. నన్ను అడగకుండ ఏమియ్యకు," అని రోజూ చెప్పేది. "ఎన్నిసార్లు చెప్తవ్, నాకేమన్న చెవుడా," అని జమ్ములమ్మ కసురుకునేది.

జమ్ములమ్మ చేనికి పోలేకపోవడానికి కారణం ఉంది. కిందటేడు క్రాసింగ్‌లోనే ఎండకు కళ్లు తిరిగి సాళ్లలో పడిపోయింది. మా ఆర్ఎంపీ శంకరయ్య దగ్గరికి మోసుకొచ్చి గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే సాయంత్రానికి లేచి కూర్చుంది. ఇక్కడి కూలీవాళ్లకు ఆ సీసా మీద ఉన్న నమ్మకం బైబిలు మీద కూడా ఉండదంటే కోపం తెచ్చుకోకండి. సీజన్‌లో ఒళ్లు హూనమైతే మాత్రలు అడగరు. "ఒక సీసా ఎక్కియ్యి సారూ" అంటారు. "ఆ సీసా నా కడుపులకు పోలే లలితమ్మా, సక్కగ పానంలకు పోయింది," అని జమ్ములమ్మ చేతి నరం తడిమి చూపించేది.

ఆ వేళకు పిల్లలో తేడా కనిపిస్తోంది. రోజూ పలుమార్లు ఫిట్స్ వచ్చే పిల్లకు వారమంతా ఒక్కటీ రాలేదు. మత్తు కూడా తగ్గింది. నా కొట్టు ముందు కూర్చుని వచ్చేపోయే ట్రాక్టర్లకు పేర్లు పెట్టేది. హెప్సిబా మొహంలో సంతోషం కంటే భయం ఎక్కువ కనిపించేది. దిష్టి తగులుతుందేమోనని ఎవరికీ చెప్పలేదు. జమ్ములమ్మ మాత్రం, "ప్రార్థన చేసిన, తగ్గింది. నూనెకు ఫిట్సు తగ్గుతయా?" అనేది.

ఒక రోజు పొద్దెక్కిన వేళ జమ్ములమ్మ పిల్లను భుజాన వేసుకుని నా కొట్టు ముందునుంచి పరుగెత్తడం చూశాను. పిల్ల తల వేలాడుతోంది. ఫిట్స్ అనుకుని గల్లాపెట్టె వదిలేసి రోడ్డు మీదికొచ్చాను.

"ఫిట్సు కాదు. పొద్దున్నుంచి ఒకటే వాంతులు. మనిషి వాడిపోయింది. దానికి ఫోన్ చేస్త చేస్త సచ్చిన, ఎత్తుతలేదు," అని ఆగకుండానే చెప్పి శంకరయ్య ఆస్పత్రి సందులోకి తిరిగింది.

హెప్సిబా ఎలా ఎత్తుతుంది? పుప్పొడి రాసే వేళ కూలీల సంచులన్నీ చేని గట్టు మీద ఉంటాయి, ఫోన్లు ఆ సంచుల్లో మోగి మోగి ఆగుతాయి. నేను కూడా చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు. గోపికి చేసి, ఎక్కడున్నా వెంటనే చేనికి పోయి ఆమెను తీసుకురమ్మన్నాను. కొట్టుకు తడిక అడ్డం పెట్టి నేనూ పోయాను.

అప్పటికే సూది ఎక్కింది. బల్ల మీద పిల్ల కళ్లు మూసుకుని ఉంది, పైన సీసా వేలాడుతోంది. జమ్ములమ్మ పిల్ల పాదాలు రుద్దుతోంది.

"అక్కా, చక్కెర వద్దన్నరు గద," అన్నాను.

జమ్ములమ్మ నా వైపు జాలిగా చూసింది. "చక్కెర ఎక్కడిది లలితమ్మా? గిది గ్లూకోజు. మందు."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు తెలిసిన చక్కెర నా కొట్టులో గోనెసంచిలో ఉంటుంది, చాయలో పడుతుంది, దానికి చీమలు పడతాయి. సీసాలో నీళ్లలా కనిపించేది చక్కెర అని ఆమెకు ఎవరు చెప్పారు? శంకరయ్య వైపు తిరిగాను. ఆయనకు ఈ తిండి పథ్యం సంగతే తెలియదు. నేను చెప్తే నెత్తి గోక్కున్నాడు. "చిన్నపిల్ల, వాంతులు, ఏం తింటలేదంటే ఎవరైనా గ్లూకోజే పెడతరు," అన్నాడు. అదీ నిజమే. సీసా ఆపమందామంటే నాకు ధైర్యం చాలలేదు. పిల్ల అంత వాడిపోయి ఉంది. ఆపితే ఏమవుతుందో, ఆపకపోతే ఏమవుతుందో నాకేం తెలుసు? ఆ సీసాలోంచి రాలే ఒక్కో చుక్కను చూస్తూ నిలబడ్డాను. అంత చేతకానిదాన్నని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

హెప్సిబా వచ్చింది. చీర మీద శేఖర్ పాత చొక్కా, వేళ్ల నిండా పచ్చటి పుప్పొడి. గడపలో ఒక్క క్షణం ఆగి సీసాను చూసింది. ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి గొట్టం మీది చక్రం తిప్పి ఆపేసింది.

జమ్ములమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏం జేస్తున్నవ్? బిడ్డ పానం పోతుంది. ఇడువు."

"ఎంత పోయింది సార్?" హెప్సిబా శంకరయ్యను అడిగింది.

"సగానికి వచ్చింది."

"పెట్టక ముందు షుగర్ చూసిండ్రా?"

"లేదు."

"ఇప్పుడు చూడుండ్రి."

సూది మందుకు వచ్చిన ఆడవాళ్లు వాకిట్లో గుమిగూడారు. "తల్లేనా అది," అని ఒకామె వినబడేలాగే అంది. శంకరయ్య పిల్ల వేలు గుచ్చి చూశాడు. ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది. ఉండకేం, సగం సీసా పోయాక! అంతకుముందు ఎంత ఉందో, పిల్లకు నిజంగా ఆ గ్లూకోజ్ అవసరమైందో కాలేదో ఇక తెలుసుకునే దారి లేదు. హెప్సిబాకు అది నాకంటే ముందే అర్థమైంది. హైదరాబాద్ దవాఖానకు ఫోన్ చేసింది. కలవలేదు. మళ్లీ చేసింది. వాకిట్లో ఆడవాళ్లు, బల్ల దగ్గర అత్త, అందరూ ఆమెనే చూస్తున్నారు. సీసా ఆగిపోయి ఉంది. పిల్ల కదలడం లేదు.

చివరికి అక్కడి తిండి లెక్కలు చూసే మేడమ్ ఎత్తింది. గ్లూకోజ్ తీసేసి ఉత్త సెలైన్ పెట్టమంది. షుగర్ మళ్లీ మళ్లీ చూడమంది, తగ్గితే వెంటనే ఫోన్ చేయమంది. ఫిట్స్ రావచ్చు, మేం ఇచ్చిన ముక్కులో కొట్టే మందు దగ్గర ఉంచుకోండి, పిల్ల తేరుకోకపోతే పెద్ద దవాఖానకు తీసుకుపోండి అంది. శంకరయ్య సీసా మార్చాడు. "నాకు ముందే ఒక మాట చెప్పాలె గదమ్మా," అన్నాడు విసుగ్గా.

"చెప్పాలె సార్. చెప్పలె," అంది హెప్సిబా.

మధ్యాహ్నానికి వాంతులు ఆగాయి. పిల్ల లేచి కూర్చుంది, నీళ్లు తాగింది, ట్రాక్టర్ పోతుంటే కిటికీలోంచి పేరు పెట్టి పిలిచింది. ఇంటికి తీసుకుపోయాం. జమ్ములమ్మ దారి పొడవునా అందరికీ వినిపించేలా చెప్పింది. "సూసిండ్రా? సీసా ఎక్కంగనె లేచింది. నేను లేకపోతే ఇయ్యాల ఏమైతుండె?" హెప్సిబా ఇంటికి పోగానే పట్టీ ముంచి చూసింది. రంగు తిరగలేదు. తెల్లగా పాలిపోయి ఉంది. పట్టీ నాకు చూపించి, ముక్కులో కొట్టే మందు కొంగున ముడేసుకుని, పిల్లకు ఎదురుగా గడపలో కూర్చుంది. నాకు కొట్టుకు పోబుద్ధి కాలేదు.

పొద్దు వాలుతుండగా జమ్ములమ్మ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. అప్పుడు వచ్చింది. ముందు దువ్వెన కింద తల ఒక్కసారి వాలింది. జమ్ములమ్మ, కునుకుతుందనుకుని, "సక్కగ కూసో," అంది. మరుక్షణం పిల్ల ఒళ్లంతా బిగుసుకుంది. కాళ్లు చేతులు కొట్టుకోవడం మొదలైంది. జమ్ములమ్మ చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో ఆగిపోయాయి. హెప్సిబా పిల్లను అత్త ఒళ్లోంచి చాప మీదికి తీసి, పక్కకు తిప్పి, గోడ గడియారం వైపు చూసింది. తల కింద కొంగు మడిచి పెట్టింది. మళ్లీ గడియారం. ఆగడం లేదు. నోటివెంట నురగ. పిల్ల పెదవులు నీలంగా మారాయి. ఇక ఆగదని తెలిసి హెప్సిబా ముక్కులో మందు కొట్టింది. ఆ తర్వాత కూడా కాసేపు కొట్టుకుంది. నెమ్మదిగా కాళ్లు సడలాయి, ఊపిరి అందింది, రంగు తిరిగింది. హెప్సిబా అప్పుడు తల ఎత్తి అత్తను చూసింది.

"ఇన్ని దినాలు నోరు కట్టుకున్న పిల్ల అత్తా. ఒక్క సీసాతోని అంత నీళ్లపాలు జేసినవ్."

జమ్ములమ్మకు మాటకు మాట అనడం వచ్చు. ఆ రోజు మాత్రం ఒళ్లో పడి ఉన్న దువ్వెనను చూస్తూ కూర్చుంది.

పిల్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మనసు పీకుతుంటే తర్వాతిది మీకు ఎక్కదు. ఆ పట్టీ మళ్లీ నేరేడు రంగుకు తిరగడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఫిట్స్ వచ్చాయి, ఒకసారి గద్వాల దవాఖానలో చేర్చారు కూడా. తర్వాత మళ్లీ తగ్గాయి. పూర్తిగా పోలేదు. మూడు నెలలయ్యాక హైదరాబాద్ డాక్టరమ్మ, ఇంకా కొన్నాళ్లు ఇదే తిండి నడిపిద్దాం అంది. హెప్సిబా ఆ మాట చెప్తూ నా కొట్టులో మొదటిసారి ఏడ్చింది. అయితే ఆ తిండి అన్నాళ్లు తప్పకుండా నడిచింది జమ్ములమ్మ వల్లే. అందుకే ఆ మర్నాటి పొద్దు గురించి చెప్పాలి.

ఆ పొద్దున నేను తడిక తీసేసరికే హెప్సిబా పిల్లను చంకనేసుకుని నిలబడి ఉంది.

"అక్కా, అత్త కనిపిస్తలేదు. లేచి చూస్తె చాప కాడ లేదు. చెప్పులు గూడ ఇడిసిపోయింది."

నిన్న ఆ ముసలామె కూర్చున్న తీరు గుర్తొచ్చింది. గట్టులో ఆమె అక్క ఉంది, అక్కడికి పోయి ఉంటుందిలే అన్నాను పైకి. చెప్పులు లేకుండా గట్టు దాకా ఎవరు పోతారు? మనసులో మాత్రం వీధి చివరి పాత బావి మెదిలింది. గోపి ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఆటో నిండా ఆడవాళ్లు. నిన్న పని నడుమ విడిచి వచ్చింది, ఇవాళ కూడా పోకపోతే ఆ సాళ్లు ఇంకొకరివి. "రెండు నిమిషాలు ఆగు గోపీ," అంది హెప్సిబా. నేను బావి వైపు చూసొస్తానని రోడ్డు మీదికి దిగాను.

అప్పుడు కనిపించింది జమ్ములమ్మ. వీధి ఆ కొసన బోరింగు పక్క ఇంటి గడపలో నిలబడి ఉంది. ఏదో చెప్తోంది. అక్కడినుంచి పక్కింటికి వెళ్లింది. తలుపు కొట్టింది, చెప్పింది, మళ్లీ పక్కింటికి. సొంత బిడ్డేనా అని హెప్సిబాను అడిగినామె ఇంటి ముందు కాస్త ఎక్కువసేపు నిలబడింది. ఎప్పుడూ ఎవరి గడప ముందూ తల వంచని మనిషి. అలా ఒక్కో ఇల్లూ చెప్పుకుంటూ చివరికి నా కొట్టుకు వచ్చింది. అత్త రావడం చూసి పిల్లతో లోపలికి జరిగి బస్తాల వెనక నిలబడ్డ హెప్సిబాను ఆమె చూడలేదు.

"లలితమ్మా, మా కోడలు బిడ్డను మాడ్పుతలేదు. మందు లెక్క తిండి పెడుతుంది. నాకు తెల్వక వీధంత తిరిగి తిట్టిన. నిన్న నేనే సీసా ఎక్కిచ్చి ఫిట్సు తెచ్చిన. శంకరయ్యకు గూడ చెప్పొచ్చిన, ఈ పిల్లకు గ్లూకోజు ఒద్దని, పెట్టే ముందు షుగర్ సూడమని. నువ్వు గూడ ఇను. మా పిల్ల వస్తె చాక్లెట్టు ఇయ్యకు, బిస్కెట్టు ఇయ్యకు. అడిగినా ఇయ్యకు. ఏడ్చినా ఇయ్యకు."

బస్తాల వెనకనుంచి హెప్సిబా బయటికి వచ్చింది. జమ్ములమ్మ తడబడింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, "నువ్వు ఇంటి కాడ ఉండి బిడ్డను సూసుకో. క్రాసింగ్‌కు నేను పోత," అంది.

"పోయినేడు ఎండకు పడిపోయినవ్. నీతోని కాదత్తా."

"బిడ్డను నా చేతికియ్యకు ఎప్సిబా. నాకు భయమైతుంది."

"నాకు గూడ భయమైతుంది," అంది హెప్సిబా. "నీ చేతికి కాక ఎవరి చేతికియ్యాలె?"

గోపి మళ్లీ హారన్ కొట్టాడు. హెప్సిబా పిల్లను అత్త చంకలో పెట్టి, కొంగున ముడేసిన మందు విప్పి అత్త కొంగున ముడేసి, వెళ్లి ఆటో ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే దిగేసి ఉండేది.

ఆటో మలుపు తిరిగాక కూడా జమ్ములమ్మ అక్కడే నిలబడి ఉంది. నిన్నటి అలసటకు పిల్ల ఆమె భుజం మీద తల వాల్చింది. "ఆకలైతుంది అవ్వా," అంది నెమ్మదిగా. జమ్ములమ్మ ఉలిక్కిపడింది. ఆమె జీవితమంతా ఆ మాటకు ఒకటే జవాబు తెలుసు. పిల్ల వీపు నిమురుతూ, కళ్లు తుడుచుకోకుండానే నా వైపు తిరిగింది.

"లలితమ్మా, ఇంట్ల డబ్బా ఉంది, అదే పెడత. ఏ దినమన్న మనసు ఆగక నేనే దీనికి బువ్వ పెట్టబోతె, నా చెయ్యి పట్టుకొని ఆపు."